ఏడు గ్లాసుల వాన

బొంగరం ఆరో గ్లాసు నీళ్ళు గటగటా తాగేసి, పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. ఆవగింజ ఇంకా నాలుగో గ్లాసు దగ్గరే ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టడానికి పది నిమిషాల టైముంది. కొండ మీది బడి వెనక కుళాయి దగ్గర వాళ్ళిద్దరే ఉన్నారు.

బొంగరం ఒక్కచోట కుదురుగా ఉండే రకం కాదు, అందుకే ఆ పేరు. ఆవగింజ ఐదో తరగతిలో అందరికన్నా పొట్టి. వాళ్ళ అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడవు. ఎవరు ఎక్కువ నీళ్ళు తాగగలరో చూద్దామని ఆ రోజు పందెం వేసుకున్నారు. పందెం సంగతి సరే. వచ్చిన చిక్కంతా గ్లాసుతోనే.

అది తాగే గ్లాసు కాదు. వాన కొలిచే గ్లాసు. సన్నగా, నిటారుగా, ఒంటినిండా గీతలతో ఉంటుంది. అడుగున సున్నా, పైన పది. బడి వెనక కంచె లోపల వాన కొలిచే డబ్బా ఒకటుంది. దాని మూతి గరాటులా ఉంటుంది. గరాటులో పడిన వాన లోపలి సీసాలోకి దిగుతుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఆ సీసాలో నీళ్ళు ఈ గ్లాసులోకి వంచి, ఎన్నో గీత దాకా వచ్చాయో చూడాలి. అన్ని మిల్లీమీటర్ల వాన పడిందన్నమాట. పది దాటితే గ్లాసు పారబోసి మళ్ళీ నింపాలి.

ఆ పని ఆవగింజ వాళ్ళ తాతయ్యది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. అందరూ ఆయన్ని వాన తాత అంటారు. కొలవగానే కింద ఆనకట్ట ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్క అంకె చెబుతాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది.

ఇందులో ఒక రహస్యం ఉంది. తాతయ్య కళ్ళు మసకబారి రెండేళ్ళయింది. గ్లాసు మీది గీతలు కనబడవు. రెండేళ్ళుగా ఆవగింజే నీళ్ళు వంచి, చూసి చెబుతోంది. తాతయ్య ఫోన్ చేస్తున్నాడు. పొద్దున్నే రొట్టెల బట్టీకి పనికెళ్ళే అమ్మానాన్నలకు కూడా ఈ సంగతి తెలియదు.

తాతయ్య ఆమెకు పెట్టిన షరతు ఒక్కటే. కొలవడం అయిపోగానే గ్లాసు పెట్టెలోకి వెళ్ళిపోవాలి. ఎవరికీ చూపించకూడదు, ఆడకూడదు. ఆ రోజు మాత్రం బొంగరం ముందు కాస్త గొప్ప చూపించుకోవాలనిపించింది.

ఐదో గ్లాసు పట్టడానికి చేయి చాపింది. చేయి తడిగా ఉంది. గ్లాసు జారి కుళాయి గట్టు మీద పడి మూడు ముక్కలైంది.

ముందు తేరుకున్నది బొంగరమే. తాను ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. ముక్కలు ఏరి గోడ అవతల పారేశాడు. పాపం, స్నేహితుడు చేయగలిగింది అంతే కదా.

తాతయ్యకు చెప్పేద్దామనే ఆవగింజ అనుకుంది. ఆయన తిట్టడు, కొట్టడు. ఒక్క నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పంటేనే ఆమెకు భయం. సాయంత్రం కంచె పక్కనున్న సామాన్ల గదిలోకి పిల్లిలా దూరింది. ఏదైనా దొరక్కపోతుందా అని వెతికింది.

మూల ఒక పాత వాన డబ్బా తుప్పు పట్టి పడి ఉంది. దాని మూతి ఇప్పటి డబ్బా మూతికన్నా వెడల్పు. దాని పక్కనే, దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టెలో ఒక గ్లాసు దొరికింది. అడుగున సున్నా, పైన పది. అవే గీతలు. కాస్త లావు, కాస్త పొడుగు, అంతే తేడా. ఆవగింజ దాన్ని శుభ్రంగా కడిగి, పగిలిన గ్లాసు పెట్టెలో పెట్టేసింది. బొంగరానికి చెబితే వాడూ హమ్మయ్య అనుకున్నాడు. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది.

అది ఎండాకాలం. జలాశయం అడుగున మట్టి పగుళ్ళు కనబడుతున్నాయి. పల్లపు వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వారానికో పదిరోజులకో నాలుగు చినుకులు రాలేవి. ఆవగింజ చూసి "ఒకటి" అని చెప్పేది. నిజానికి అది రెండు. కానీ ఒకటికీ రెండుకీ తేడా ఎవరు పట్టించుకుంటారు? ఆఫీసులో ఆ అంకె రాసుకుని ఊరుకునేవాళ్ళు.

ఆనకట్ట సంగతి తాతయ్య ఆమెకు అప్పుడప్పుడు చెబుతుండేవాడు. కొండ మీద పడిన వానంతా వాగులో కలిసి జలాశయంలోకి దిగుతుంది. జలాశయానికి ఐదు గేట్లు. గేట్ల కింద పల్లపు వీధి. బొంగరం వాళ్ళ ఇల్లు అక్కడే. ఎండాకాలంలో ప్రతి చుక్కా దాచుకోవాలి. వానాకాలంలో వచ్చే నీటికి చోటు ఉంచుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు. మరీ ముందే వదిలేస్తే వచ్చే ఎండాకాలం కుళాయిలు ఎండిపోతాయి. ఆలస్యం చేస్తే వీధి మునుగుతుంది. కొండ మీద ఒక్క రోజులో వంద మిల్లీమీటర్లు దాటితే సైరన్ మోగించి, వీధి ఖాళీ చేయించి, గేట్లు మెల్లగా ఎత్తాలని నియమం.

"అంటే నువ్వు చెప్పే అంకె మీదే గేట్లు లేస్తాయా?" అని ఆవగింజ అడిగింది.

"నువ్వు చెప్పే అంకె మీద," అన్నాడు తాతయ్య నవ్వుతూ.

గాలి దిశ మారింది. మబ్బులు కొండ మీద తిష్ట వేశాయి. నాలుగు చినుకుల రోజులు పోయి, పొద్దస్తమానం కురిసే రోజులు వచ్చాయి. తాతయ్య మంచం మీద పడుకుని రేకుల కప్పు మీద వాన చప్పుడు వింటూ, రేపటి అంకె ఎంతో ముందే ఊహించేవాడు. ఆ ఊహ ఎప్పుడూ పెద్దగా తప్పేది కాదు. ఈ ఏడు మాత్రం రోజూ తప్పుతోంది. నలభై అనుకుంటే ఆవగింజ ఇరవై ఒకటి అనేది. అరవై అనుకుంటే ముప్పై అనేది. తన కళ్ళతోబాటు చెవులు కూడా పోతున్నాయని తాతయ్య బెంగపెట్టుకున్నాడు.

ఒకరోజు గ్లాసు తానే కడుగుతానన్నాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటే, చేతికి లావుగా తగులుతోంది?"

ఆవగింజ నోరు ఊరుకోలేదు. "గ్లాసు అదే తాతయ్యా. నీ చేతులే సన్నబడ్డాయి," అంది.

తాతయ్య తన వేళ్ళు తడుముకున్నాడు. నిజమే కాబోలు అని గ్లాసు తిరిగి ఇచ్చేశాడు. ఆవగింజకు గ్లాసు మీద అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది. దాన్ని ఎక్కడికక్కడ నొక్కేసింది. ఇన్నాళ్ళు చెప్పకుండా ఇప్పుడు చెబితే ఇంకా తిడతారని ఆమె లెక్క. రోజులు గడిచే కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

అలా ఉండగా ఒక రాత్రంతా ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. పొద్దున గొడుగు పట్టుకుని ఇద్దరూ కంచె లోపలికి వెళ్ళారు. సీసా నిండుగా ఉంది. ఆవగింజ వంచింది, పారబోసింది, మళ్ళీ వంచింది. ఏడు గ్లాసులయ్యాయి. సీసా ఖాళీ అయింది.

"ఏడేనా?" అన్నాడు తాతయ్య. "రేకుల మీద చప్పుడు విని నూట నలభై అనుకున్నానే."

"ఏడే తాతయ్యా. డెబ్బై."

తాతయ్య కాసేపు వాన వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఫోన్ చేసి డెబ్బై అని చెప్పాడు. ఆఫీసులో హమ్మయ్య అనుకున్నారు. వంద దాటలేదు కాబట్టి గేట్లు ఎత్తక్కర్లేదు. నీళ్ళు నిలిస్తే వచ్చే ఎండాకాలానికి పనికొస్తాయి.

మధ్యాహ్నం రెండింటికి తరగతిలో భాగహారాలు చేస్తుండగా సైరన్ మోగింది. మామూలుగా ఒకసారి మోగి ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు. టీచరు చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. అనుకోని నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడి జలాశయం అంచుదాకా నిండిపోయింది. ఆనకట్ట తెగకుండా ఉండాలంటే ఐదు గేట్లూ ఒకేసారి ఎత్తాల్సి వచ్చింది. వీధి ఖాళీ చేయడానికి రెండు గంటలు కావాలి. ఆ రోజు వాళ్ళకు దొరికింది పావుగంట.

బొంగరం బెంచీ మీంచి దూకి పరుగెత్తాడు. టీచరు గుమ్మం దగ్గర వాడిని నడుం పట్టుకుని ఆపింది. వాడు గింజుకుంటూ వాళ్ళమ్మను పిలుస్తూనే ఉన్నాడు. వరండాలోంచి చూస్తే కింద వీధి లేదు. ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళలో ఇళ్ళ పైకప్పులు మాత్రమే కనబడ్డాయి.

సాయంత్రానికి పల్లపు వీధి జనం మెట్ల దారిన బడికి వచ్చారు. తడిసి, వణుకుతూ, చంటిపిల్లల్ని భుజాన వేసుకుని వచ్చారు. ప్రాణాలు పోలేదు. బొంగరం వాళ్ళమ్మ అందరికన్నా ఆఖరున వచ్చింది. ఆమె ఇళ్ళకు బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అందరూ ఆమెను ఇస్త్రీ అత్త అంటారు. జనం బట్టల మూటలు నీళ్ళపాలు కాకూడదని మళ్ళీ ఇంట్లోకి వెళ్ళిందట. అంతలో గోడ కూలింది. ఆమె కుడి చేతికి ఎవరిదో చొక్కా చుట్టి ఉంది. చొక్కా రంగు ఏమిటో తెలియనంతగా నెత్తుటితో తడిసింది.

డాక్టరు వచ్చి చూసి, ఎముకలు నుజ్జయ్యాయన్నాడు. కట్టు కట్టాడు. ఆ చేత్తో ఇక ఇస్త్రీపెట్టె ఎత్తడం కుదరదని బొంగరం నాన్నను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కనే మంచినీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఆవగింజ ఆ మాట విన్నది. బకెట్టు ఎక్కడ పెట్టిందో కూడా ఆమెకు గుర్తు లేదు.

ఇస్త్రీ అత్త కుటుంబం ఐదో తరగతి గదిలోనే సర్దుకుంది. రెండు బెంచీలు కలిపి అత్తకు పడక వేశారు.

మూడో రోజు ఆనకట్ట ఇంజనీరు మేడమ్ వచ్చారు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. వీధి జనమంతా చుట్టూ చేరారు. తాతయ్యను పిలిపించారు.

"వాగు మట్టం చూస్తే ఆ రోజు కొండ మీద నూట ముప్పైకి తక్కువ పడలేదు," అన్నారు మేడమ్. "మీరు డెబ్బై అన్నారు. మీ అంకెని మా ఆఫీసులో ఎవరూ ఏనాడూ అనుమానించలేదు. అసలేం జరిగింది?"

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "నా కళ్ళు మసకబారి రెండేళ్ళయింది మేడమ్. గీతలు కనబడవు. పని పోతుందని చెప్పలేదు. తప్పు నాదే."

ఆవగింజ పేరు ఆయన ఎత్తలేదు. జనంలోంచి ఒకాయన, కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చోవాల్సింది కదా, మా బతుకులతో ఆడుకోవడం ఎందుకని అడిగాడు. తాతయ్య తలూపాడు. మొలతాడుకు ఉన్న కంచె తాళంచెవి విప్పి మేడమ్ చేతికిచ్చాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి ఆయనకు కనబడలేదు.

ఆవగింజ స్తంభం వెనక ఉంది. నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. సిగ్గుపడాల్సిన సంగతే అయినా, ఆ నిమిషంలో ఆమెకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. ఇక ఎవరూ గ్లాసు గురించి అడగరు. ఆ ఊరటను తలుచుకునే ఇంటికెళ్ళాక మూల కూర్చుని ఏడ్చింది.

తాతయ్య ఆమె తల నిమిరాడు. "లెక్క ఎక్కడో తప్పిపోయుంటుందమ్మా. చిన్నపిల్లవి. అంత పని నీ నెత్తిన పెట్టింది నేను," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున కొత్త మనిషి వచ్చాడు. ఆఫీసు కుర్రాడు, రెయిన్‌కోటు వేసుకున్నాడు. పిల్లలు అప్పుడే అతన్ని కొత్తన్న అని పిలవడం మొదలుపెట్టారు. రాత్రి మళ్ళీ గట్టి వాన పడింది. అయినా తెరిపి ఇచ్చింది కదా అని వీధి జనంలో సగంమంది ఇళ్ళలో బురద ఎత్తిపోయడానికి కిందికి వెళ్ళారు. బొంగరం నాన్న కూడా పార తీసుకుని వెళ్ళాడు.

ఆవగింజ కంచె బయట నిలబడి చూస్తోంది. కొత్తన్న పని చక్కగా చేశాడు. గ్లాసు కడిగి, తుడిచి, బల్ల మీద నిటారుగా పెట్టి, వంగి కళ్ళు గీతకు సరిగ్గా ఆనించి చూశాడు. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. ఐదు గ్లాసులు నిండాయి. ఆరోది ఎనిమిదో గీత దాకా వచ్చింది.

"యాభై ఎనిమిది," అని కాగితం మీద రాసుకున్నాడు.

ఆవగింజకు అప్పుడు తట్టింది. కళ్ళు మారాయి, చేతులు మారాయి, గ్లాసు మారలేదు. ఇతను ఎంత శ్రద్ధగా చూసినా రేపూ ఎల్లుండీ తప్పే చెబుతాడు. గేట్లు మూసే ఉంటాయి. కింద వీధిలో బురద ఎత్తిపోస్తున్న వాళ్ళు గుర్తొచ్చారు. ఇక నిలబడలేకపోయింది.

"అన్నా, ఆగు. ఆ అంకె తప్పు," అంది.

కొత్తన్న నవ్వాడు. కావాలంటే నువ్వే చూసుకో అన్నాడు. ఆవగింజ కంచె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. అసలు గ్లాసు తాను పగలగొట్టిందని, ఇది పాత డబ్బా గ్లాసని, దీనికి ఆ వెడల్పు మూతి ఉండాలని, అప్పటినుంచీ ప్రతి అంకె తక్కువే వస్తోందని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. కొత్తన్న నవ్వు ఆగిపోయింది. ఆఫీసుకి ఫోన్ కలిపి, ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

అటువైపు ఇంజనీరు మేడమ్. ఆవగింజ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. మేడమ్ తిట్టలేదు. ప్రశ్నలు మాత్రం వేశారు.

"ఎప్పటినుంచి?"

"ఎండాకాలం నుంచి మేడమ్."

"ఆ రోజు ఎన్ని గ్లాసులు పోశావు?"

"ఏడు."

పాత డబ్బా మూతి వైశాల్యం ఇప్పటిదానికి సరిగ్గా రెండింతలు అన్నారు మేడమ్. అంటే ఏడు కాదు, పధ్నాలుగు. ఇవాళ యాభై ఎనిమిది కాదు, నూట పదహారు. తర్వాత ఆమె ఎవరికో గట్టిగా ఏదో చెప్పడం, కుర్చీ జరిగిన చప్పుడు వినబడ్డాయి. ఐదు నిమిషాలు తిరక్కుండా సైరన్ మోగింది.

జనం పారలు పడేసి మెట్లెక్కారు. అందరూ పైకి వచ్చాకే రెండు గేట్లు మెల్లగా లేచాయి. వీధిలో మోకాలిలోతు నీళ్ళు పారి, పొద్దుగూకేలోపు తగ్గిపోయాయి. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మధ్యాహ్నం మేడమ్ సరైన గ్లాసు తెచ్చారు. వరండాలో అందరి ముందూ లావు గ్లాసు నిండా నీళ్ళు పట్టి, సన్న గ్లాసులోకి వంచారు. అది నిండింది. పారబోసి మళ్ళీ వంచారు. మళ్ళీ నిండింది. తాతయ్యకు కనబడదు కాబట్టి కొత్తన్న పక్కన నిలబడి పైకే లెక్కపెట్టాడు.

"అయితే ఆ రోజు నూట నలభై," అన్నాడు తాతయ్య. "నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట." అని ఆవగింజ వైపు తిరిగాడు. "పగిలిందని ఆ రోజే చెప్పుంటే వారంలో కొత్తది వచ్చేది కదమ్మా." అంతకన్నా ఏమీ అనలేదు. నిట్టూర్చాడు. ఇన్నాళ్ళూ ఆమె భయపడిన నిట్టూర్పు అదే.

కళ్ళ సంగతి దాచినందుకు తాతయ్యకు మళ్ళీ ఆ పని ఇవ్వడం కుదరదని మేడమ్ చెప్పారు. అది న్యాయమేనని ఆయన ఒప్పుకున్నాడు. ఇకమీదట రోజూ ఇద్దరు కలిసి కొలవాలని, రెండో మనిషి ఆవగింజేనని కూడా మేడమ్ చెప్పారు. శిక్షో నమ్మకమో ఆమె వివరించలేదు.

ఇంకో పని మిగిలింది. అది ఎవరూ చేయమనలేదు. ఆవగింజ ఐదో తరగతి గదిలోకి వెళ్ళింది. ఇస్త్రీ అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. బొంగరం ఆమెకు నీళ్ళు తాగిస్తున్నాడు.

"అత్తా, నీ చేయి నా వల్లే పోయింది," అని మొదలుపెట్టింది. ఏదీ దాచలేదు. తాతయ్యతో చేతులు సన్నబడ్డాయన్న మాట కూడా చెప్పింది. బొంగరం పేరు మాత్రం ఎత్తలేదు.

అత్త వింటూనే ఉంది. బొంగరం లోటా కింద పెట్టాడు. "గ్లాసు పగిలినప్పుడు నేనూ అక్కడే ఉన్నానమ్మా," అన్నాడు. "ముక్కలు పారేసింది నేనే." అని వెళ్ళి, గది చివర గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అత్త ఏడవలేదు, పర్లేదులే అని కూడా అనలేదు. కట్టు వంక చూసుకుంది. "ఇకనుంచి పొద్దున అంకె తేలగానే మా వీధికొచ్చి చెప్పు. మాకు తెలియాలి. ఫోన్ చేసేశాం కదా అని ఊరుకోకు," అంది.

ఆవగింజ తలూపింది. అత్త కళ్ళు మూసుకుంది. ఇక వెళ్ళమని అర్థం.

వానాకాలం ఇంకా సగం మిగిలే ఉంది. వీధి జనం బురద కడిగి ఇళ్ళలోకి తిరిగి వెళ్ళారు. కూలిన గోడల చోట రేకులు నిలబెట్టుకున్నారు. ఇస్త్రీ బండి బొంగరం నాన్న నడుపుతున్నాడు. ఆయనకు చొక్కాల మడతలు ఇంకా సరిగ్గా రావడం లేదు. అత్త పక్కన కూర్చుని చెబుతుంటుంది. బొంగరం ఆవగింజతో మాట్లాడటం మానేశాడు. ఆమె రోజూ ఎనిమిదిన్నరకి కొలవగానే మెట్లు దిగి వెళ్ళి, ఇంటింటికీ అంకె చెప్పి, మళ్ళీ మెట్లెక్కి బడికి వస్తుంది. కొందరు వింటారు. కొందరు తలుపు తీయరు.

ఒక పొద్దున ఆమె ఇస్త్రీ అత్త గుమ్మం ముందు నిలబడేసరికి తలనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తొంభై ఆరు," అంది. "కానీ మూడో గ్లాసు నేను పోస్తుంటే కొంచెం ఒలికింది అత్తా. కొత్తన్న చూడలేదు. నేనే చెప్పాను, మేడమ్‌కి కూడా చెప్పాం. ఎంత ఒలికిందో తెలియదు. వంద దాటే ఉండొచ్చు," అంది.

అత్త ఆమె ముఖంలోకి చూసింది. ఎడమ చేత్తో బొగ్గుముక్క తీసి, రేకు గోడ మీద వంకర అక్షరాలతో 'వంద దాటొచ్చు' అని రాసింది, దారిన పోయేవాళ్ళకు కనబడేలా. తర్వాత సామాను అటక మీదికి ఎక్కించమని కొడుక్కి చెప్పింది.

బొంగరం ట్రంకుపెట్టె ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క పట్టుకోమని అడగలేదు, వద్దనీ అనలేదు. ఆవగింజ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి ఆ పక్క పట్టుకుంది. పెట్టె బరువుగా ఉంది. ఇద్దరూ కలిసి పైకెత్తారు.